మూత మీది బొమ్మ

నల్లగుండ్లపల్లె
10-1-1956

అలిగి బస్సెక్కిన నా జీవమ్మకు,

నీ పెనిమిటి ఏసన్న రాసుకునేది ఏమంటే, నేను బాగానే ఉన్నాను. మేకలు నాకన్నా బాగున్నాయి. రత్నమణీ, ఇది మీ అమ్మకు నిదానంగా చదివి వినిపించు. అక్షరాలు ఇంత పెద్దవేంది నాయనా అని నవ్వొద్దు. నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివినోణ్ణి. బండి మీద పేరు చెక్కినా ఇంత పెద్దగానే చెక్కుతా. వరుస మీదికి వరుస ఎక్కివుంటే అది పెన్సిలు తప్పు.

జీవమ్మా, క్రిస్మస్ నాడు జరిగినదానికి నువ్వు కడప దాకా పోవలసిన పని లేదు. నలభై ఏండ్లుగా పండుగనాడు గుళ్ళో వాక్యం చదివేది నేనే. ఈసారీ చదివినాను. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, దూత, అన్నీ వరుసగా చెప్పినానా లేదా? ఒక్క మాట పోయిందా? నా చేతిలో ఉండేది వాక్యం పుస్తకం కాదు, పాటల పుస్తకం అని నువ్వు కొంగు నోట్లో పెట్టుకొని ఏడిస్తివి. పుస్తకం ఏదైతే ఏమి, నోట్లోంచి వచ్చింది సరిగ్గా వచ్చిందా లేదా చూడాలి. రెండు పుస్తకాలకూ ఒకే నల్ల అట్ట వేయించిన అయ్యగారిని అడుగు ముందు.

మరుసటి రోజు నువ్వు మూట కట్టి, "ఆసుపత్రికి వచ్చి కండ్లు సూపించుకుంటే సరి, ల్యాకుంటే నేను ఈ ఇంట్లో కాలు పెట్టను" అంటివి. నేను "పో" అంటిని. పెండ్లయిన ముప్పై ఎనిమిదేండ్లలో నేను పో అంటే నువ్వు పోయింది ఇదే మొదటిసారి. చెప్పిన మాట వినడానికి నీకు ఆ రోజే దొరికిందా?

నా కండ్లకు ఏమీ కాలేదు. కొంచెం పొగ. వంటింట్లో నువ్వు పెట్టిన పొగే అది. నువ్వు పోయినా ఇంకా పోలేదు.

నిన్న అల్లుడు లేవి వచ్చినాడు. కూర్చొని మజ్జిగ తాగి, సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసినాడు.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"ఆసుపత్రి దొరసాని వాళ్ళ సీమదేశానికి పోతా పోతా పిల్లోళ్ళ సామాన్లు ఆడ పనిచేసే మాకు పంచిపెట్టింది మామా. ఇది ఇమానం చేసే పెట్టె. ముక్కలు కోసే ఉండాయి, అతికించుకునేదే."

"బండ్లు చేసేటోనికి బొమ్మ ఇమానం ఎందుకు?"

"మూత మీద బొమ్మ ఎట్లుండాదో అట్ల చేసి సూపిస్తే అత్త ఇంగ ఆసుపత్రి మాట ఎత్తదంట. మరుసటి బస్సుకే వచ్చేస్తాదంట. చెయ్యల్యాకపోతే మాత్రం నువ్వు నోరు మూసుకొని కడపకు రావాలంట."

నీ పంతం నాకు తెలిసిందే. సరే అన్నాను. లేవి మూత నా చేతిలో పెట్టి, "బాగా సూడు మామా" అన్నాడు. చూసినాను. "బాగుండాది" అన్నాను. "ఇంగొకసారి సూడు. పెట్టెలో ముక్కలు గూడ సూడు" అన్నాడు. ముక్కలు చూసినాను, మూత చూసినాను. "అన్నీ సరింగానే ఉండాయిలే" అన్నాను. ఆ పిల్లోడు రెండో గ్లాసు మజ్జిగ తాగకనే పోయినాడు. కడప నీళ్ళు తాగి మర్యాద మరిచినాడు.

ఆ విమానం సంగతి చెప్పకుంటే నాకు అన్నం సహించదు. విమానమంటే ఎట్లుండాలి? మొన్న యుద్ధంలో మన ఊరి మీదుగా పోయినాయే, అట్లుండాలి. దీనికి గుమ్మడికాయంత పొట్ట. పిచ్చుక రెక్కల్లాగా రెండు పొట్టి రెక్కలు. తోక ఉందంటే ఉంది. పైగా దీనికి కండ్లంట, పండ్లు ఇకిలించిన నోరంట! తపాలా బిళ్ళల మాదిరి కాగితం మీద ఉన్నాయి, చింపి తడిపి అంటించాలంట. దొరసాని పిల్లోళ్ళు దీన్ని చూసి నవ్వాలంట. యాభై ఏండ్లు ఉలి పట్టినోనికి కడుపుతో ఉన్న బాతును పంపి పరీక్ష పెడతావా నువ్వు?

మూత మీద బొమ్మలోనూ అచ్చం ఇట్లే ఉంది, అదే పొట్ట, అదే ఇకిలింపు. ఒక్కసారి చూసినాను, చాలు. బొమ్మ ముందర పెట్టుకొని పని చేసేవాడు పనివాడు కాడు. మూతను అటక మీదికి విసిరేసినాను.

బస్సుకు సిద్ధంగా ఉండు.

ఇట్లు
పంతంలో నీకు తీసిపోని
బండ్ల ఏసన్న

రత్నమణీ, ఈ ముక్క మీ అమ్మకు చదవొద్దు. మూడు రోజులుగా సంగటి మాడుతోంది. ఆమె ఎన్ని నీళ్ళు పోస్తుందో మెల్లగా కనుక్కొని రాయి.


నల్లగుండ్లపల్లె
24-1-1956

ఇంకా దిగిరాని జీవమ్మకు,

నీ జాబు అందింది. చదవొద్దు అన్న ముక్కనే మొదట చదివినట్టున్నాడు ఆ రత్నమణి. ఆడపిల్లను పట్టుకొని "చదివినట్టున్నాడు" అన్నానని కోప్పడొద్దు, కోపంలో నాకు అట్లే వస్తుంది. "నీళ్ళు కాదు, మంట తగ్గించుకోమను, సంగటికీ అంతే, మనిషికీ అంతే" అని రాయించినావు. నవ్వు రాలేదు.

పది దినాలుగా ఈ దిక్కుమాలిన బాతుతో నా ప్రాణం విసిగిపోయింది. మొదటిది, చెక్క. దీన్ని చెక్క అన్నవాడి నోట్లో మన్ను పడ. జొన్న బెండు ఇంతకన్నా గట్టిది. గోరు పెడితే దిగుతుంది. తుమ్మినా ఎగిరిపోతుంది. ఒక ముక్క ఎగిరిపోయి మేకల పాకలో పడితే, నల్లమేక నోటిలోంచి పీక్కొచ్చినాను. అందుకే ఎడమ రెక్క చివర కొంచెం తక్కువగా ఉంది. అది నా లెక్కలోకి రాదు.

రెండోది, జిగురు. వాళ్ళిచ్చిన జిగురు గొట్టంలో ఎండి రాయి అయింది. నేను బల్లలు అతికించే వజ్రాన్ని, అదే పశువుల తోలు జిగురును, కాచి పూసినాను. ఆ కంపుకు భీమమ్మ గోడ అవతల నుంచి, "ఏసన్నా, ఏం సచ్చిందప్పా మీ ఇంట్లో?" అని అరిచింది. "నీ మొగుడు సచ్చినప్పుడు పెట్టె చేసిందీ ఇదే వజ్రంతోనే, అప్పుడు కంపు రాల్యా?" అన్నాను. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. ఊరు ప్రశాంతంగా ఉండింది.

మూడోది, చక్రాలు. ఇది విను. విమానానికి కింద రెండు చక్రాలు కావాలంట. వాళ్ళిచ్చినవి ఏమిటి? రూపాయి బిళ్ళంత చెక్క రేకులు, మధ్యలో ఒక బెజ్జం! నడుమ కుండ లేదు, దాంట్లో దిగే ఆకులు లేవు, చుట్టూ కూర్చే పూటీలు లేవు. వాటిని చక్రాలు అంటే నేను ఊరుకుంటానా? పారేసినాను. తుమ్మచెక్కతో కుండ చేసి, ఆరు ఆకులు దిగేసి, పూటీలు కూర్చి, రెండు చక్రాలు చేసినాను. కమ్మరి బొజ్జన్న దగ్గరికి పోయి, ముప్పై ఏండ్లు నా చక్రాలకు ఇనుప కమ్మి వేసినోడివి కదా, వీటికి కూడా వేయమన్నాను. బొజ్జన్న కొలిమి దగ్గర కూర్చొని వాటిని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసినాడు.

"ఏసన్నా, ఇది ఎగిరేదా, ఇసక తోలేదా?"

"ఎగిరేదే."

"అట్లయితే రెండెద్దుల్ని గూడ ఎగరడం నేర్పించప్పా."

నేను ఊరుకోలేదు. "కమ్మి ఏస్తావా, ఏయవా?" అన్నాను. వేసినాడు. తెచ్చి బిగించినాను. చేతిలో పట్టుకొని విసిరినాను. విమానం రాయి పడినట్టు పడింది. చక్రాలు మాత్రం దొర్లుకుంటా భీమమ్మ గడప దాకా పోయినాయి. నిజం చెప్తున్నా, శానా చక్కగా దొర్లినాయి.

వాటిని తీసేసి, ఆ చెక్క రేకులే మళ్ళీ పెట్టినాను. ఎంత అవమానమో నీకు తెలీదు. నా చేతితో నేనే అట్లాంటి వాటిని ఒక వాహనానికి పెట్టినాను.

ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంది. అది చదివి చేసేవాళ్ళు చదువుకున్నోళ్ళు. ఏ ముక్క ఏ గాడిలో దూరాలో చెక్కే చెప్తుంది, కాగితం చెప్పాలా?

ఒక మాట రాయాలా వద్దా అనుకుంటున్నా. నిన్న సాయంత్రం పొట్టకు పై అట్ట మూసి, చేత్తో నిమిరి చూసుకుంటే, మన రత్నమణి మూడో ఏట అన్నం తిని కూర్చున్నప్పటి పొట్టలాగా అనిపించింది. ఒక్కణ్ణే నవ్వినాను. గోడ అవతల నుంచి భీమమ్మ, "పిచ్చి గాని ఎక్కిందా?" అంది. మూడు రోజుల మౌనం అట్లా ముగిసింది.

ఇట్లు
వజ్రంతో వేళ్ళు అతుక్కొని రాస్తున్న
ఏసన్న


నల్లగుండ్లపల్లె
6-2-1956

బస్సు టిక్కెట్టు కొనుక్కోవలసిన జీవమ్మకు,

ఓడిపోయినావు. ఎగిరింది.

ముందు ఎగరలేదు. విసిరితే ముక్కు పైకెత్తి, వెనక్కి తిరగబడి, తోక మీద పడేది. పది సార్లు విసిరినాను, పది సార్లూ అంతే. కొత్తగా పెండ్లయిన పెద్దమనిషి మాదిరి ముక్కు ఆకాశానికి, నడ్డి నేలకు! కోపం వచ్చి పొయ్యిలో పెట్టబోయినాను. అప్పుడు తట్టింది. బండి వెనక్కి తేలితే ఏం చేస్తాం? బరువు ముందుకు జరుపుతాం. కాడి మీద రవ్వంత మొగ్గు ఉంటేనే బండి నిలకడ. శానా ఉంటే ఎద్దు మెడ విరుగుతుంది, తక్కువైతే ఎద్దే గాలిలో వేలాడుతుంది. దీనికి ఎద్దు లేదు, అంతే తేడా. ఇరుసు ఉండాల్సిన చోట రెండు వేళ్ళు పెట్టి ఎత్తి, ముక్కులో మైనం ముద్ద కొంచెం కొంచెం పెట్టుకుంటా పోయినాను. రవ్వంత ముందుకు మొగ్గినాక ఆపినాను. ఈ మాట ఆ ఇంగ్లీషు కాగితంలో ఉందో లేదో, నాకు మాత్రం మా నాయన నేర్పించినాడు.

బొజ్జన్నను పిలిచి విసిరినాను. చేతిలోంచి పోయిందంటే పోయింది! భీమమ్మ ఇంటి కప్పు దాటి, ఎడమకు తిరిగి, చింతచెట్టును తప్పించుకొని, నారాయణ రెడ్డి గడ్డివామి మీద కొంగ వాలినట్టు వాలింది. మొత్తం నా కండ్లతో చూసినాను. బొజ్జన్న చెప్పులు వదిలి ఉరికినాడు. డెబ్భై ఏండ్లోడు, వామి ఎక్కి తెచ్చినాడు. "ఇంగొకసారి ఇసురప్పా, ఈసారి నేను ఇసురుతా" అని నా చేతిలోంచి పీక్కున్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం అదే పని. కొలిమికి నాగలి కర్రు తెచ్చినోళ్ళు కూర్చొని కూర్చొని వాళ్ళూ ఒకసారి విసిరినారు. ఇంత మంది పెద్దోళ్ళు ఒక బాతు వెనకాల ఉరకడం ఈ ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు.

ఎందుకు చేస్తాండావు ఇది అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు. మొదట నీ మీద కోపంతో చేసినాను. ఇప్పుడు ఊరికే చేస్తున్నా. ఉపయోగం లేని పని ఇంత ఇష్టంగా చేయడం నాకు ఇదే మొదలు.

నిన్న కండ్లూ నోరూ అంటించినాను. పని అయిపోయింది. మూత మీద ఎట్లుందో అట్లే ఉంది, వెంట్రుక వాసి తేడా లేదు. వచ్చే ఆదివారం గుడి ముందర అందరికీ చూపిస్తా. సోమవారం బస్సుకు నువ్వు దిగాలి. సంగటి నువ్వే వండాలి.

ఇట్లు
గెలిచిన
ఏసన్న


నల్లగుండ్లపల్లె
13-2-1956

జీవీ,

రత్నమణీ, ఈ ఉత్తరంలో చదవొద్దు అన్నది ఏమీ లేదమ్మా. అంతా చదువు. మధ్యలో ఆపి ఏడవొద్దు, మీ అమ్మకు అర్థం కాదు.

నిన్న ఆరాధన అయినాక గుడి ముందర విమానం బయటికి తీసినాను. అందరూ నవ్వినారు. నవ్వాలనే కదా అట్లా చేసినారు దాన్ని, అనుకున్నా. అయ్యగారు "బాగుంది ఏసన్నా, శానా బాగుంది" అన్నాడు. ఆడోళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వినాను. ఎత్తి పట్టుకొని చుట్టూ తిప్పి చూపించినాను.

ఇంటికి వస్తుంటే భీమమ్మ తన అరుగు మీద కూర్చొని ఉంది.

"యాడికప్పా ఇమానం ఎత్తుకొని ఊరేగుతాండావు?"

"గుడికాడ సూపించినా. అందరూ బాగుండాదన్నారు."

"ఇట్లా తే." తీసుకుంది. భీమమ్మ నోట మాట లేకపోతే నాకు భయం వేసింది. తరువాత, "ఏసన్నా, దీనికి ఒక కన్ను ముక్కు మీద ఉండాది. రెండోది తోక కింద ఉండాది. నోరు ఈపు మీద తలకిందులుగా ఉండాది. ఇట్లే చెయ్యమన్నారా, నువ్వే చేస్తివా?" అంది.

"అబద్ధం చెప్తాండావు."

"నా ముగ్గురు బిడ్డల మీద ఒట్టు. వాళ్ళందరూ నీకు బాగుందని చెప్పినారంటే నీ ఎనకాల నవ్వుకునేదానికి చెప్పినారు. నేను నీ ముందరే నవ్వుతాండా." అని నవ్వబోయింది గానీ నవ్వలేదు. దాన్ని నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఇంటికి వచ్చి తలుపేసుకొని చేతితో తడిమి చూసినాను. జీవీ, ఆ విమానంలో ప్రతి ముక్కా నా వేళ్ళు చేసినవే. ఏ గాడి ఎక్కడ, ఏ అంచు ఎక్కడ, అన్నీ వేళ్ళకు తెలుసు. కండ్లు మాత్రం కాగితం మీద అచ్చు వేసినవి. కాగితానికి ఎత్తు లేదు, పల్లం లేదు. వేలికి అందదు. అవి ఎక్కడ అంటించినానో ఇప్పుడు కూడా నాకు తెలీదు. తడమగా తడమగా వేలు నొప్పి పుట్టింది గానీ ఒక్క కన్ను దొరకలేదు.

ఇంక దాచి లాభం లేదు. నాకు కనబడదు. రెండేండ్లయింది. కుడి కంటికి తెల్లగా పొగ, ఎడమ కంటికి పొగలో నీడలు. విమానం ఎగిరినప్పుడు నేను చూడలేదు. చేతిలోంచి పోయింది, అంతవరకే తెలుసు. చింతచెట్టు, గడ్డివామి, అంతా బొజ్జన్న అరుస్తుంటే విన్నది. నేను చూసినట్టు నీకు రాసినాను. నీ జాబులు నేను చదవలేదు. చేతులకు వజ్రం ఉందని సాకు చెప్పి తపాలా ఆయనతో చదివించుకున్నా. ప్రతిసారీ చేతులకు వజ్రం ఎందుకుంటుందని ఆయన ఒక్కసారీ అడగలేదు. ఆయన కూడా మర్యాదస్తుడే.

ఇంకొకటి. నారాయణ రెడ్డి నా పనికి వంక పెట్టినాడు, అందుకే ఉలి దింపి బండ్ల పని మానేసినాను అని నీకు చెప్పినా కదా. నువ్వు రెండేండ్లుగా ఆయన పెండ్లాం రెడ్డెమ్మతో మాట్లాడటం లేదు. రెడ్డి ఏమీ అనలేదు. నేను చేసిన ఆఖరి బండి ఆయనదే. బండి వీధిలోంచి పోతుంటే నేను గడపలో నిలబడి విన్నాను. టక్కు. కొంచెం ఆగి మళ్ళీ టక్కు. కుంటి మేక నడిచినట్టు. ఆకు ఒకటి వంకరగా దిగింది. యాభై ఏండ్లలో నా చక్రం అట్లా మాట్లాడలేదు. రెడ్డి వెనక్కి తిరిగి "శానా బాగుండాది ఏసన్నా" అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి ఆ బండి కొట్టంలోనే ఉంది, ఎప్పుడూ బయటికి రాలేదు. ఆయన తిట్టి ఉంటే తిరిగి తిట్టి, ఆ చక్రం విప్పి మళ్ళీ చేసేవాణ్ణి. బాగుంది అన్నాడు. దానికి ఏం జవాబు చెప్పాలి? నీకు చెప్పుకోలేక ఆయన మీద పెట్టినాను. రెడ్డెమ్మతో మాట్లాడు. తప్పు నాది.

ఆసుపత్రి అంటే ఎందుకు గొంతు చించుకుంటానో నీకు సగం తెలుసు. మా అన్న దావీదు కంటికి పొగ వచ్చినప్పుడు, తిరుగుతా వచ్చిన కండ్ల వైద్యుడొకడు రచ్చలో కూర్చోబెట్టి సూదితో పొడిచినాడు. మూడు రోజులు బాగా కనబడింది. అన్న నన్ను పిలిచి, "నీకు మీసం వచ్చిందే!" అన్నాడు. నాలుగో రోజు చీము పట్టి రెండు కండ్లూ పోయినాయి. తొమ్మిదేండ్లు నేను ఆయన కర్ర కొస పట్టుకొని నడిపించినాను. ఇది నీకు తెలుసు. తెలియని సగం ఏమంటే, ఆ తొమ్మిదేండ్లలో ఎన్నోసార్లు విసుక్కున్నా. గుంత ఉందని తెలిసీ ఒకసారి చెప్పలేదు. పడినాడు. లేచి, "నువ్వు బాగుండావా తమ్ముడా?" అని నన్ను అడిగినాడు. కర్ర ఈ కొస పట్టుకున్నోడికి ఎంత విసుగో నాకు తెలుసు. అందుకే ఆ కొస నీ చేతికి ఇవ్వలేను.

గుడ్డితనం కన్నా నువ్వు విసుక్కుంటావేమో అన్నదే నాకు భయం. రాసేసినాను.

పందెం నేనే ఓడినాను. బొజ్జన్న బుధవారం నన్ను బస్సెక్కిస్తాడు. సూది పొడిచేవాడు చేతులు కడుక్కున్నాడో లేదో లేవిని దగ్గరుండి చూడమను. విమానాన్ని నా గుడ్డల మూటలో తెస్తున్నా. దాని కండ్లు ఎక్కడున్నాయో అక్కడే ఉండనీ, నువ్వు సరిచేయొద్దు.

ఏసన్న


కడప
14-4-1956

మేకల కోసం నన్ను వదిలి ఊరికి పోయిన జీవమ్మకు,

ఇది బొజ్జన్న కొడుకు చదివి నీకు వినిపిస్తాడు. బాబూ, గట్టిగా చదువు, ఆమె వినబడనట్టు నటిస్తుంది.

నిన్న నాకు కండ్లజోడు ఇచ్చినారు. సోడాబుడ్డి అడుగులు రెండు కోసి ముక్కు మీద పెట్టినట్టుంది. అయితే కనబడుతుంది! ఈ వరుస చూడు, గీత గీసినట్టు లేదూ? అక్షరాలు చిన్నవి చేసినాను. నీకు చదవను రాదు కాబట్టి ఆ గొప్ప నీకు తెలీదు.

కనబడినాక తెలిసిందేమంటే, ఎవరూ ఏమీ సరిగ్గా చూసుకోవడం లేదు. లేవికి తల నెరిసింది, ఎవరూ నాకు చెప్పలేదు. రత్నమణి ఇంటి తలుపు కిందికి జారింది, అదీ చెప్పలేదు. పొద్దున దాన్ని ఊడదీసి బిగించినాను. నా చేతులు చూసుకున్నా. అవి మా నాయన చేతులు. నావి ఎప్పుడు పోయినాయో!

ఇంక అసలు సంగతికి వస్తా. నిన్న జోడు పెట్టుకోగానే విమానం తెమ్మన్నాను. చూసినాను. జీవీ, ఇంత వికారమైనదాన్ని నా జన్మలో చూడలేదు. తోక కింద కన్ను పెట్టుకొని, వీపు మీద ఇకిలిస్తా ఉంది. నవ్వి నవ్వి కండ్లలో నీళ్ళు వస్తే, కండ్లు తడపకూడదని లేవి తిట్టినాడు. తరువాత ఇక్కడ రత్నమణి ఇంటి అటక మీద ఏమైనా గుడ్డముక్క ఉందేమో చూద్దామని చెయ్యి పెడితే, ఇంకొక అట్టపెట్టె తగిలింది. తీసినాను. దాని మూత మీద అచ్చం నా బాతే ఉంది! అదే పొట్ట, అదే పొట్టి రెక్కలు, ముక్కుకు రెండు వైపులా రెండు కండ్లు. పెట్టె తెరిస్తే లోపల సన్నగా పొడుగ్గా కొంగ కాళ్ళ మాదిరి ముక్కలు.

లేవిని పిలిచినాను. "ఏందప్పా ఇది?"

ఆ పిల్లోడు గోడకు ఆనుకొని నిలబడినాడు. "అది... అత్తనే అడుగు మామా."

"అత్త మేకల కాడ ఉండాది. నిన్నే అడుగుతాండా."

"దొరసాని రెండు పెట్టెలిచ్చింది. ఒకటి బాతు, ఒకటి కొంగ. అత్త మూతలు మార్చి నీకు పంపించింది. 'కండ్లుండేటోడైతే పెట్టె తెరిచిన వెంటనే, మూత ఒకటి, ముక్కలు ఒకటి, ఏం ఆటలాడుతాండారా అని అరుస్తాడు. అరిస్తే నేను ఈ రోజే పోతా. అరవకపోతే ఏమంటాడో విని రా' అనింది."

అందుకేనా జీవమ్మా, ఆ పిల్లోడు రెండుసార్లు "బాగా సూడు మామా" అన్నది! రెండో గ్లాసు మజ్జిగ తాగకుండా పోయింది అందుకేనా!

అంటే నేను మొదటి ఉత్తరంలో, మూత మీద కూడా అచ్చం ఇట్లే ఉంది అని రాసినప్పుడే నీకు తెలిసిపోయింది. ఆ తరువాత నెల రోజులు నేను రాసిన అబద్ధాలన్నీ నువ్వు కూర్చొని విన్నావు. కండ్లతో చూసినాను అన్నదీ విన్నావు. వెంట్రుక వాసి తేడా లేదు అన్నదీ విన్నావు. నీ జాబుల్లో సంగటి గురించి రాయించినావు గానీ ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదు అని రత్నమణిని అడిగినాను.

"అడిగితిమి నాయనా. 'నేను చెప్తే ఆయనకు కండ్లు పోయినట్టు నేను కనిపెట్టినదాన్నవుతా. ఆయనే చెప్తే ఆయన చెప్పినోడవుతాడు. అంతదాకా బాతు చేసుకోనీ' అనింది అమ్మ."

నాకు కోపం వచ్చింది. మూడో తరగతి చదివినోణ్ణి, అక్షరం ముక్క రానిదాని చేతిలో ఇట్లా మోసపోయినాను. నువ్వు పెట్టిన ఆ పరీక్ష ఒక్క చూపుతో అయిపోయేది, దానికి నేను నెల రోజులు వజ్రం కాచినాను.

మధ్యాహ్నం తరువాత కొంగ ముక్కలు ముందర వేసుకొని కూర్చున్నా. కోపం తగ్గించుకోవడానికి ఇంకొక దారి తెలీదు. సగం అయింది. దీని కాళ్ళు సన్నం, బరువు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. బాతును నిన్న సాయంత్రం మిద్దె మీద నుంచి విసిరినాను. ఈసారి చూసినాను. వంకరగా, తాగినోని మాదిరి, తోక కన్నుతో నా దిక్కే చూసుకుంటా పోయింది. బొజ్జన్న చెప్పినంత గొప్పగా లేదు. ఇంకా గొప్పగా ఉంది.

ఆపరేషన్ కట్టు విప్పకముందే నువ్వు ఊరికి పోయినావు. ఆసుపత్రిలో పన్నెండు రోజులు నా నోట్లో ముద్దలు పెట్టింది నీ చెయ్యి, ముఖం నేను చూడలేదు. ఒక్కసారీ విసుక్కోలేదు. నాకు విసుగు వినబడుతుంది, వినబడలేదు. అది ఇక్కడ రాయకపోతే నోటితో ఎప్పుడూ చెప్పను కాబట్టి రాస్తున్నా.

గురువారం సాయంత్రం బస్సుకు దిగుతా. బొజ్జన్నను పంపించొద్దు, రోడ్డు నుంచి ఇంటిదాకా నేనే నడిచి వస్తా. ఊళ్ళోకి పోతానే ముందు రెడ్డి కొట్టానికి పోయి ఆ చక్రం విప్పుకొస్తా. నువ్వు గడపలో నిలబడు. నోరు మాత్రం తెరవొద్దు. నీ గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది నువ్వని. నేను చూసి గుర్తుపట్టాలి. రెండేండ్లలో నీకేం నెరిసిందో, ఏం ముడత పడిందో నాకు ఎవరూ చెప్పొద్దు. నేను పేరు పెట్టి పిలిచేదాకా మాట్లాడకుండా నిలబడాలి. నీకు కష్టమని తెలుసు.

పక్కన భీమమ్మను కూడా నిలబెట్టు. కావాలంటే ఇద్దరూ చీరలు మార్చుకోండి. ఈసారి మూత మార్చినా నేను కనిపెడతా.

ఇట్లు
నీ
ఏసన్న